పెద్దాసుపత్రి గుమ్మంలో గంటన్నర

అమ్మ ఫోనులో రోజూ 5:20కి అలారం మోగుతుంది. పాలకేంద్రానికి బయల్దేరే వేళయిందని నాన్నకి గుర్తుచేయడానికి పెట్టుకున్నది. ముక్కనుమ నాడు తెల్లవారుజామున ఆ అలారం మోగుతుండగానే పెరట్లో పాలకేను పడిన చప్పుడు వినపడింది. నేను వెళ్లేసరికి నాన్న గేదె పక్కన పక్కకి ఒరిగి కూర్చుని ఉన్నాడు. పాలు నేలంతా పారాయి. "ఏమైంది నాన్నా" అంటే ఏదో చెప్పబోయాడు గానీ మాట ముద్దముద్దగా వచ్చింది. మూతి ఎడమవైపుకి లాగేసింది. కుడిచెయ్యి ఎత్తమంటే ఎత్తలేకపోయాడు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. రెండేళ్ల కిందట మా స్కూలుకి వచ్చిన డాక్టరమ్మ పక్షవాతం లక్షణాలు పిల్లలకి చెబుతుంటే వెనక బెంచీలో కూర్చుని విన్నాను. మూతి, చెయ్యి, మాట. ఈ మూడూ చూడండి, టైము చూసుకోండి అని చెప్పిందావిడ. ఆ వేళకి అదొక్కటే బుర్రలో మెదిలింది. పక్కింటి పెద్దమ్మ గోరువెచ్చటి నీళ్లు పట్టమంది. ఎదురింటాయన ఊళ్లో ఆరెంపీని పిలుచుకొస్తానని చెప్పులు వేసుకున్నాడు. వద్దన్నాను. మింగలేని మనిషికి నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 5:27కి 108కి ఫోన్ చేశాను.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఆ పొద్దున జరిగినవాటిలో చాలా భాగం సవ్యంగానే జరిగింది. ఫోన్ వెంటనే ఎత్తారు. 5:49కి బండి మా వీధి మలుపు తిరిగింది. ఈ సర్వీసు 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. అప్పటికి నేను కొత్తగా ఉద్యోగంలో చేరాను. అంతకుముందు మా ఊళ్లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే ట్రాక్టరో, ఎడ్లబండో, ఎవరింట్లోనైనా జీపుంటే వాళ్ల కాళ్లు పట్టుకోవడమో. మా నాయనమ్మని అలాగే ట్రాక్టర్ తొట్టెలో గడ్డి పరిచి తీసుకెళ్లారు. కాబట్టి ఆ కుయ్ కుయ్ చప్పుడు వింటే మా ఊరి వాళ్లకి ఇప్పటికీ ఒక ధైర్యం. ఆ ధైర్యం ఆ రోజు కూడా వమ్ము కాలేదు, పెద్దాసుపత్రి గుమ్మం దాకా.

వచ్చిన ఇద్దరిలో ఈఎంటీ, అంటే బండిలో అత్యవసర వైద్యం చూసే కుర్రాడికి, పాతికేళ్లు ఉంటాయేమో. బండి నడిపే ఆయన్ని వాళ్లు డ్రైవర్ అనరు, పైలట్ అంటారు. కుర్రాడు నాన్న దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ముందు వేలు గుచ్చి షుగర్ చూశాడు. షుగర్ పడిపోయినా మనిషి ఇలాగే అయిపోతాడట, అది కాదని తేల్చుకోవాలి. బీపీ 180/100. ఆక్సిజన్ 92. తర్వాత నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది: "మేడమ్, పెద్దాయన చివరిసారిగా మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకి చూశారు?" అలారం సంగతి చెప్పాను. చేతి గ్లౌజు మీద పెన్నుతో 5:20 అని రాసుకున్నాడు. ఆ అంకె దారి పొడుగునా నా కళ్ల ముందే ఉంది.

మెదడులో రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోతే ఆ గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఉంది. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఇచ్చేముందు సీటీ స్కాన్ తప్పనిసరి, ఎందుకంటే నాళం పగిలి రక్తం కారుతున్న కేసైతే అదే ఇంజెక్షన్ మనిషిని చంపేస్తుంది. ఈ ముక్క కుర్రాడు రెండు వాక్యాల్లో చెప్పి, "మనకి 12 కిలోమీటర్లలో ఏరియా ఆసుపత్రి ఉంది. పండగ పొద్దున అక్కడ సీటీ జరగదు. చూసి మళ్లీ పెద్దాసుపత్రికే రాస్తారు, అరగంట పోతుంది. నేరుగా వెళ్లిపోదాం" అన్నాడు. కాల్ సెంటర్లో ఉండే డాక్టరుతో మాట్లాడి ఆ మాటే ఖాయం చేసుకున్నాడు. 6:05కి బయల్దేరాం. నేను లెక్క కట్టుకున్నాను. 5:20కి నాలుగున్నర గంటలు కలిపితే 9:50. యాభై కిలోమీటర్లకి గంటా ఇరవై నిమిషాలు. చేతిలో రెండు గంటల పైనే ఉంటుంది. చాలా టైము ఉందనుకున్నాను.

దారిలో నాన్న ఒకసారి వాంతి చేసుకున్నాడు. కుర్రాడు తల పక్కకి తిప్పి గొట్టంతో నోరు శుభ్రం చేశాడు. చిన్నాన్న కొడుకు కారు ఇంటి ముందే ఉన్నా అందులో ఎక్కించనందుకు అప్పుడు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. పొగమంచులో పైలట్ అంత వేగంగా ఎలా నడిపాడో తెలియదు.

7:25కి క్యాజువాల్టీ ర్యాంపు కింద ఆగాం. మా ముందు అప్పటికే మూడు బండ్లు ఉన్నాయి.

ఆ ఆసుపత్రి పేరు రాయను. అక్కడివాళ్లే మా నాన్నని బతికించారు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఇకముందు చదివేది ఒక్క డాక్టరు మీదో ఒక్క సిస్టర్ మీదో ఫిర్యాదు అనుకోకూడదని.

పైలట్ దిగి పరుగున లోపలికెళ్లి ట్రాలీ కోసం చూసొచ్చాడు. ఖాళీ లేదు. బండిలో ఉన్న స్ట్రెచర్ బండిదే. దాన్ని లోపలికి తీసుకెళ్లి, అక్కడి ట్రాలీ మీదకో మంచం మీదకో మనిషిని మార్చి, స్ట్రెచర్ వెనక్కి తెచ్చుకుంటేనే బండి కదలాలి. లోపల ట్రాలీ లేకపోతే రెండే దారులు: మనిషి బండిలోనే ఉండాలి, లేదా బండి స్ట్రెచర్ మీదే లోపలికి వెళ్లి, బండి బయట ఉత్తి పెట్టెలా నిలబడాలి. మా ముందున్న మూడు బండ్లదీ ఇదే కథ. ఒకదాని స్ట్రెచర్ గంట కిందట లోపలికెళ్లిందట, ఇంకా రాలేదు. దాని ఈఎంటీ గోడకానుకుని టీ తాగుతున్నాడు. అతన్ని చూసి నాకు కోపం వచ్చింది. తర్వాత తెలిసింది, రాత్రి తొమ్మిది నుంచీ అతను తిన్నది ఆ టీ ఒక్కటే.

నేను లోపలికెళ్లి చూశాను. సంక్రాంతి మూడు రోజుల కష్టమంతా ఆ హాల్లోనే ఉంది. రోడ్డు ప్రమాదాల వాళ్లు, తాగి కొట్టుకున్నవాళ్లు, పందెం కోడి కత్తి తగిలి చేతులూ తొడలూ తెగినవాళ్లు. ఆ కత్తి కోడి కాలికి కట్టినదే అయినా మనిషి నరాన్ని ఎముక దాకా తెంపుతుంది. మంచానికి ఇద్దరు, మంచాల మధ్య నేల మీద దుప్పట్లు. ఒకే ఒక్క హౌస్ సర్జన్ అమ్మాయి కుట్లు వేస్తోంది. ఆమె దగ్గరికి వెళ్లి, "పక్షవాతం కేసు, 5:20కి మొదలైంది, ఇంజెక్షన్ టైము దాటిపోతుంది" అన్నాను. ఆమె నిజంగానే లేచి వచ్చింది. బండి ఎక్కి నాన్న చేతులూ కళ్లూ చూసి, "వెంటనే సీటీ కావాలి. నంబరు తెప్పించండి" అంది. అంతలో లోపల ఎవరికో ఊపిరి ఆడటం లేదని కేక. ఆమె పరుగెత్తింది. ఆమెని మళ్లీ చూసింది ఎనిమిదిన్నర తర్వాతే.

నంబరు సంగతి చెప్పాలి. క్యాజువాల్టీలో ఓ కంప్యూటర్ కౌంటరు ఉంటుంది. అక్కడ పేరు, వయసు, ఊరు చెప్పి చీటీ తీసుకుంటే ఆ చీటీ మీది నంబరుతోనే సీటీ, రక్తపరీక్ష, మందు, అన్నీ. కౌంటర్లో ఆయన అడిగాడు, "పేషెంట్ ఏ బెడ్డు?" బండిలో ఉన్నాడన్నాను. "లోపలికొచ్చాక రండమ్మా, లేకపోతే చీటీలో బెడ్డు దగ్గర ఏం రాయను?" సీటీ గది దగ్గరికెళ్తే, "నంబరు లేకుండా మెషీన్లో పేరు ఎక్కదు." ట్రాలీ లేదు కాబట్టి లోపలికి రాలేం. లోపలికి రాలేదు కాబట్టి నంబరు లేదు. నంబరు లేదు కాబట్టి సీటీ లేదు. సీటీ గది ఆ నిమిషంలో ఖాళీగా ఉంది. తలుపు సందులోంచి నా కళ్లతో చూశాను, టెక్నీషియన్ టేబుల్ మీద దుప్పటి సర్దుతున్నాడు.

బయటికొస్తే ఒక మనిషి నా పక్కన నడుస్తూ, "అక్కా, ఇక్కడ పని కాదు. మా బండి ఉంది, పది నిమిషాల్లో ప్రైవేటులో పడేస్తాం" అన్నాడు. పెద్దాసుపత్రుల గేటు దగ్గర ఇలాంటివాళ్లు ఎప్పుడూ ఉంటారు. చెప్పకేం, ఒక నిమిషం కాలు ఊగింది. మా ఈఎంటీ కుర్రాడు నన్ను పక్కకి పిలిచి, "మేడమ్, అక్కడా ఇంతే టైము పట్టొచ్చు, అడ్వాన్సు కట్టేదాకా స్కాన్ చేయకపోవచ్చు. మధ్యలో ఆక్సిజన్ తీసి ఇంకో బండికి మార్చాలి. నేనైతే వద్దంటాను" అన్నాడు. ఆ మాటకి ఆగాను. అతను చెప్పింది సరైనదో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. తమ్ముడు బెంగళూరు నుంచి నిమిషానికోసారి ఫోన్. "ఇంకా బయటే ఉన్నారా?" అని వాడు అడిగినప్పుడల్లా నేనేదో తప్పు చేసినట్టు అనిపించేది.

ఎనిమిదింటికి నర్సులు డ్యూటీ మారతారు. రాత్రి సిస్టర్లు ఒక్కో మంచం దగ్గర నిలబడి పగటి సిస్టర్లకి అప్పగింతలు చెబుతున్నారు. అది జరగాల్సిన పనే. అది సరిగ్గా జరగకపోతే ఎవరి మందు ఎవరికి పోతుందో. అయితే ఆ అప్పగింతల్లో మంచం మీద ఉన్నవాళ్ల పేర్లే వస్తాయి. బయట బండ్లలో ఉన్న నలుగురి పేర్లు ఎవరి పుస్తకంలోనూ లేవు. 8:05కి కుర్రాడూ పైలట్టూ కలిసి, ఇక ఆగకూడదని బండి స్ట్రెచర్ మీదే నాన్నని వరండాలోకి తెచ్చారు. చిన్న సిలిండర్ నాన్న కాళ్ల మధ్య పెట్టారు. కుర్రాడు సిలిండర్ మీటరు ముల్లునీ, నాన్న వేలికున్న క్లిప్పునీ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాడు.

8:20 ప్రాంతంలో కాల్ సెంటర్ నుంచి అతనికి ఫోన్ వచ్చింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి అతని మాటలు నాకు వినపడ్డాయి. "మేడమ్, నేను ఇంకా హాస్పిటల్లోనే ఉన్నా... లేదు మేడమ్, హ్యాండోవర్ కాలేదు, స్ట్రెచర్ లోపలుంది... డెలివరీనా? ఎన్నో కాన్పు?... మా వల్ల కాదు మేడమ్, పక్క మండలం బండి చూడండి." ఫోన్ జేబులో పెట్టుకుని నావైపు చూడలేదు. ఏ ఊరని అడిగాను. చెప్పాడు. మా ఊరికి ఏడు కిలోమీటర్లు. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఆ ఊళ్లో కాపురాలు చేసుకుంటున్నారు. అక్కడ నొప్పులు పడుతున్న ఆ అమ్మాయికి రావలసిన బండి మా కోసం, ఒక ట్రాలీ కోసం, ఇక్కడ నిలబడిపోయింది. ఇది నన్ను ఆ రోజు నుంచీ వదల్లేదు. అందరం మన మనిషి ఒక్కడే ఆగిపోయాడనుకుంటాం. గుమ్మం దగ్గర ఆగిన ప్రతి బండి వెనకా యాభై కిలోమీటర్ల అవతల ఇంకో ఇల్లు ఉంటుంది, వాకిట్లోకి వచ్చి రోడ్డు వైపు చూస్తూ.

మమ్మల్ని గట్టెక్కించింది పగటి డ్యూటీకి వచ్చిన ఒక పెద్ద సిస్టర్. యాభై దాటి ఉంటాయి, కొప్పులో నెరిసిన జుట్టు. అప్పగింతలయ్యాక వరండాలోకి వచ్చి, వరసగా ఉన్న స్ట్రెచర్ల దగ్గర ఒక్కొక్కరినీ చూస్తూ "ఎప్పుడొచ్చారు? ఏం కేసు?" అని అడుగుతూ వచ్చింది. ఆ పని అంతదాకా ఎవరూ చేయలేదు. మా దగ్గరికొచ్చి కుర్రాడి గ్లౌజు మీద 5:20 చదివింది. గడియారం చూసుకుంది. నేరుగా హాల్లోకి వెళ్లి, ట్రాలీ మీద కూర్చుని ఉన్న ఒకతన్ని, "బాబూ, నీ చేతికి కట్టు అయిపోయింది కదా, కుర్చీలో కూర్చోగలవా?" అంది. కోడి కత్తి గాయం అతనిది, మోచేతి దాకా కట్టు. అతను నాన్న వైపు చూసి, సిస్టర్ మాట పూర్తవకుండానే దిగిపోయాడు. "నేను నేల మీదైనా కూర్చుంటానమ్మా, పెద్దాయన్ని ఎక్కించండి." ఆ మనిషి పేరు నేను అడగలేదు. ఎప్పటికీ గుర్తుండే ముఖం.

8:55కి నాన్నని ట్రాలీ మీదికి మార్చారు. పైలట్ స్ట్రెచర్ తుడుచుకుంటూ బయటికి పరుగెత్తాడు. కుర్రాడు కాగితాల మీద సంతకం తీసుకుని, "నమస్తే మేడమ్, ధైర్యంగా ఉండండి" అని వెళ్లిపోయాడు. ఒక గుక్కెడు నీళ్లు కూడా ఇవ్వలేకపోయాను వాళ్లకి.

అక్కడి నుంచి మళ్లీ అంతా చకచకా. నంబరు, సీటీ, రిపోర్టు. నాళం పగల్లేదు, గడ్డే. న్యూరాలజీ డాక్టరు నన్ను కూర్చోబెట్టి, ఇంజెక్షన్ వల్ల కొందరికి మెదడులో రక్తస్రావం కావొచ్చని వివరంగా చెప్పి సంతకం తీసుకున్నాడు. 9:41కి మందు ఎక్కడం మొదలైంది. 9:50కి తొమ్మిది నిమిషాల ముందు.

తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. నాన్న కాలు బాగా కోలుకుంది. మాట నెమ్మదిగా వస్తుంది, అయినా తెలుస్తుంది. కుడిచెయ్యి సగమే వచ్చింది. గ్లాసు పట్టుకుంటాడు, పాలు పితకలేడు. మొన్న వేసవిలో గేదెని అమ్మేశాం. డాక్టరు చెప్పిన ఒక లెక్క ఉంది: పెద్ద నాళం మూసుకుపోయిన పక్షవాతంలో చికిత్స లేకుండా గడిచే ఒక్కో నిమిషానికి సగటున 19 లక్షల మెదడు కణాలు చనిపోతాయట. 2006లో ఒక వైద్య పరిశోధన కట్టిన అంచనా అది. లెక్కల టీచర్ని కదా, తొంభై నిమిషాలకి గుణించకుండా ఉండలేకపోయాను. 17 కోట్ల 10 లక్షలు. నాన్నకి ఆ తొంభై నిమిషాలు మిగిలి ఉంటే చెయ్యి పూర్తిగా వచ్చేదా అని డాక్టర్ని అడిగాను. "చెప్పలేనమ్మా. ఎంత త్వరగా ఇస్తే అంత మంచిదని మాత్రం చెప్పగలను" అన్నాడు. నిజాయితీగా చెప్పాడు, దానికి గౌరవిస్తాను.

వార్డులో ఉన్నన్నాళ్లూ తెలుసుకున్న అసలు సంగతి మరొకటి. గుమ్మం దగ్గర బండ్లు ఎందుకు ఆగాయి? గుమ్మం దగ్గర మనుషులు పనిచేయక కాదు. పెద్ద సిస్టర్ ఒకనాడు సాయంత్రం తీరిక దొరికినప్పుడు నాకు విడమరచి చెప్పింది. ఆ పొద్దున క్యాజువాల్టీలో ఉన్నవాళ్లలో సగం మందికి అడ్మిషన్ అయిపోయింది. పై వార్డుల్లో మంచం లేక కిందే ఉన్నారు. పై వార్డుల్లో మంచాలు ఎందుకు లేవు? ఇంటికి వెళ్లాల్సినవాళ్లు ఇంకా వెళ్లలేదు. పెద్ద డాక్టరు రౌండ్స్‌కి వచ్చి డిశ్చార్జి రాయాలి, ఆ తర్వాత ఆరోగ్య పథకం కాగితాలు పూర్తవాలి, మందులు తీసుకోవాలి, మధ్యాహ్నం బస్సు దొరకాలి. పండగకి సెలవులో ఉన్న డాక్టర్లు తిరిగొచ్చేదాకా కొన్ని డిశ్చార్జులు ఆగిపోయాయి. ట్రాలీలు కూడా ఉండాల్సినన్ని ఉన్నాయి, కానీ వాటి మీద మనుషులు మంచాల మీద ఉన్నట్టే రోజుల తరబడి ఉన్నారు. మూడో అంతస్తులో పడని ఒక డిశ్చార్జి సంతకం కింద ర్యాంపు దగ్గర బండిని ఆపుతోంది. ఇది విన్నాక ఆ రోజు కౌంటరాయన మీద ఉన్న కోపం చాలా తగ్గింది. మంచం లేని మనిషికి మంచం నంబరు ఎక్కడి నుంచి తెస్తాడు?

డిశ్చార్జి నాడు కేసు షీటు జిరాక్సు తీసుకున్నాను. 108 వాళ్ల కాగితం కాపీ కూడా అందులో కుట్టి ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. 108 కాగితంలో ఆసుపత్రి చేరిన సమయం 7:25. ఆసుపత్రి కాగితంలో రోగి వచ్చిన సమయం 8:55. ఒకదాని ప్రకారం నాన్న అప్పటికే ఆసుపత్రికి చేరిపోయాడు. ఇంకోదాని ప్రకారం ఇంకా రాలేదు. మధ్యలో ఆ తొంభై నిమిషాలూ మా నాన్న ఎవరి మనిషీ కాదు.

మా పిన్ని కూతురు ఇంగ్లండులో నర్సుగా చేస్తోంది. తనకి ఈ రెండు కాగితాలూ ఫొటో తీసి పంపాను. అక్కడా బండ్లు ఆసుపత్రుల ముందు బారులు తీరతాయట, చలికాలం మరీ ఎక్కువట, కొన్నిసార్లు మాకంటే చాలా ఎక్కువసేపే ఆగుతాయట. "అయితే అక్కా, ఇక్కడ దాన్ని లెక్క రాస్తారు" అంది. బండి వచ్చిన పదిహేను నిమిషాల్లోపు రోగిని అప్పగించుకోవాలన్నది అక్కడి ప్రమాణం. ఎన్ని బండ్లు అది దాటాయో, ఎన్ని అరగంట దాటాయో, ఎన్ని గంట దాటాయో ప్రచురిస్తారట. లెక్క ఉంది కాబట్టి పేపర్లు తిడతాయి, పార్లమెంటులో అడుగుతారు. ఆస్ట్రేలియాలో ఈ ఆగిపోవడానికి ఏకంగా ఒక పేరే ఉందట, ర్యాంపింగ్ అని, ఎన్నికల్లో అది పెద్ద గొడవట. మన దగ్గర దీనికి పేరు కూడా లేదు. "బండి బయట ఆగింది" అంటాం, అంతే.

వకీలు చదివిన మా స్కూలు పాత విద్యార్థి ఒకడు సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చెప్పాడు. 1992లో హకీం షేక్ అనే ఆయన పశ్చిమ బెంగాల్లో రైల్లోంచి పడి తలకి దెబ్బ తగిలితే, కలకత్తా ప్రభుత్వాసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి మంచం లేదనీ, వసతి లేదనీ తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటులో వైద్యం చేయించుకున్నాడు. 1996లో కోర్టు, వేళకి వైద్యం అందించకపోవడం ఆర్టికల్ 21 కింద జీవించే హక్కుని కాలరాయడమేనని చెప్పి ఆయనకి 25 వేల రూపాయల పరిహారం ఇమ్మంది. అంతకంటే నాకు ముఖ్యమనిపించిన మాట ఇంకోటి ఉంది ఆ తీర్పులో: ఏ ఆసుపత్రిలో మంచం ఖాళీ ఉందో చూసి రోగిని వెంటనే అక్కడికి పంపేలా ఒక కేంద్రీకృత సమాచార వ్యవస్థ ఉండాలని. మా ఈఎంటీ కుర్రాడి చేతిలో ఫోన్ ఉంది, ట్యాబ్ ఉంది, కాల్ సెంటర్లో డాక్టరు ఉన్నాడు. అయినా ఆ ఇద్దరిలో ఎవరికీ ర్యాంపు కింద మూడు బండ్లు ఆగి ఉన్నాయని తెలియదు.

మార్చి నెలలో ఒక సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకునే కార్యక్రమానికి వెళ్లి అర్జీ ఇచ్చాను. మూడే అడిగాను. బండి గేటులోకి రాగానే ఆ టైము ఆసుపత్రి పుస్తకంలో ఎక్కాలి. 108 స్ట్రెచర్లకి బదులుగా ఇవ్వడానికే నాలుగు ట్రాలీలు గుమ్మం దగ్గర విడిగా ఉండాలి. పక్షవాతం, గుండెపోటు లాంటి కేసు దారిలో ఉండగానే ఈఎంటీ క్యాజువాల్టీకి ఫోన్ చేస్తే, బండి రాకముందే నంబరు పుట్టాలి. సూపరింటెండెంటు గారు నన్ను పిలిపించి అరగంట మాట్లాడారు. విసుక్కోలేదు. ట్రాలీల మాట వెంటనే ఒప్పుకుని, ఆసుపత్రి అభివృద్ధి సంఘం నిధుల నుంచి కొనిపించారు. జూన్‌లో నాన్నని చెకప్‌కి తీసుకెళ్లినప్పుడు చూశాను, గుమ్మం పక్కన గోడకి పసుపు గీత గీసి, "108 కొరకు మాత్రమే" అని రాసి, కింద మూడు ట్రాలీలు. నాలుగోది అప్పుడే ఎవర్నో ఎక్కించుకుని లోపలికెళ్లింది. నంబరు సంగతి చూస్తామన్నారు, సాఫ్ట్‌వేర్ మార్చాలట. టైము రాయడం సంగతి ఎటూ తేలలేదు.

అందుకని సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి అడిగాను: జనవరి నెలలో 108 బండ్లు మీ ఆవరణలోకి వచ్చిన సమయానికీ, రోగిని మీరు అప్పగించుకున్న సమయానికీ మధ్య సగటున ఎన్ని నిమిషాలు? ముప్పై రోజుల గడువులోపే జవాబు వచ్చింది. "తాము కోరిన వ్యవధికి సంబంధించిన రికార్డు ఈ కార్యాలయమునందు నిర్వహించబడుట లేదు" అని.

మా ఈఎంటీ కుర్రాడు ఉగాదికి మా ఊరి మీదుగా వెళ్తూ నాన్నని చూడటానికి ఆగాడు. నాన్న ఎడమచేత్తో అతని భుజం తట్టి, "కాఫీ తాగి వెళ్లు బాబూ" అన్నాడు, మాట విడగొట్టుకుంటూ. ఆ డెలివరీ కేసు ఏమైందని అడిగాను. పక్క మండలం బండి నలభై నిమిషాలకి వెళ్లిందట, దారిలోనే కాన్పు అయిందట, తల్లీ పిల్లా క్షేమమేనట. నా కాళ్లలో వణుకు తగ్గడానికి కాసేపు పట్టింది. అతను మాత్రం మామూలుగానే కాఫీ తాగాడు. గుమ్మం దగ్గర ఆగిపోయి కాదనాల్సి వచ్చిన కాల్స్ అతనికి ఇంకా చాలా ఉన్నాయి. అన్నిటి సంగతీ అతనికి తెలియదు.

వచ్చే సోమవారం మళ్లీ కలెక్టరేటుకి వెళ్తున్నాను. 7:25 ఉన్న కాగితం, 8:55 ఉన్న కాగితం, రికార్డు లేదన్న జవాబు, మూడూ ఒకే ఏ4 మీదికి వచ్చేలా జిరాక్సు తీయించాను. నాలుగు కాపీలు. అర్జీ కింద నాన్న కూడా సంతకం పెడతానన్నాడు. ఎడమచేత్తో నేర్చుకుంటున్నాడు, ఇంకా వంకరగానే వస్తోంది.